వెండి బులియన్ కాయిన్ నల్లబడినా, మచ్చలు పడినా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

పెట్టె తెరిచి కాయిన్ ఉన్న ప్లాస్టిక్ క్యాప్సూల్ చేతిలోకి తీసుకుంటాం. మొన్నటిదాకా తళతళలాడిన కాయిన్ అంచు చుట్టూ పసుపు తిరిగి ఉంటుంది, మధ్యలో ఎక్కడో పాల చుక్క పడ్డట్టు ఒక తెల్ల మచ్చ, ఇక గుండె గుభేల్మంటుంది. నాకూ అలాగే అయింది. అది నేను కొనుక్కున్న మొట్టమొదటి మేపుల్ లీఫ్, అంటే కెనడా టంకశాల (మింట్) వేసే బులియన్ కాయిన్, వెండి బరువుని బట్టే విలువ ఉండే రకం, ఆ కంగారులో కాయిన్ బయటికి తీసి దాని మీద కాస్త టూత్‌పేస్ట్ వేసి మెత్తటి బనియన్ గుడ్డతో గుండ్రంగా రుద్దేశాను. ఆ రాత్రికి భలే మెరిసింది. తెల్లారి టేబుల్ లైట్ కింద పెట్టి అటూ ఇటూ వంచి చూస్తే అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఆకు చుట్టూ కిరణాల్లాగా సన్నటి గీతలు చెక్కి ఉంటాయి కదా, 2014 నుంచి వస్తున్నవి, వాటికి అడ్డంగా వెంట్రుకంత సన్నటి గీరలు ఎన్ని పడ్డాయో లెక్కే లేదు. సంవత్సరం అంకెల సందుల్లో పేస్ట్ ఇరుక్కుని తెల్లగా గట్టిపడిపోయింది. పసుపైతే పోయింది, గీరలు మాత్రం ఇప్పటికీ అలాగే ఉన్నాయి, అవి ఇంక పోవు. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అచ్చం అదే.

అందుకే ఇక్కడ కడగడం గురించి కన్నా, ఆ మచ్చ ఏంటో ముందు కనిపెట్టడం గురించే ఎక్కువ రాశాను. మచ్చ ఏ జాతిదో తెలిస్తే చాలాసార్లు అసలు ముట్టుకోవాల్సిన అవసరమే లేదని మీకే అర్థమవుతుంది.

ముందు భయం పోగొట్టుకోండి, ఓ చిన్న లెక్క

వెండి ఇనుములా గాలిలో ఉన్న ఆక్సిజన్‌కి తుప్పు పట్టదు. మామూలు గది వాతావరణంలో ఒక్క ఆక్సిజన్ దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. వెండికి పడనిది గంధకం. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి గంధకం వాయువులు చాలా చాలా కొద్దిగా ఉన్నా, దానికి కాస్త తేమ తోడైతే కాయిన్ పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది, మనం కిలుము, నలుపు అనేది దాన్నే. ఈ పొర మరీ పల్చగా ఉన్నప్పుడు నల్లగా కనపడదు. నీళ్ళ మీద నూనె తెట్టు కడితే రంగులు కనిపిస్తాయి కదా, అదే కథ ఇక్కడ కూడా, పొర మందాన్ని బట్టి వెలుతురు రంగులు మారుతుంది. మొదట లేత పసుపు, తర్వాత ముదురు బంగారు రంగు, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, తర్వాత నీలం, ఇంకా మందమైతే బూడిద రంగు, చివరికి నలుపు. ఈ వరస గుర్తు పెట్టుకోండి, కాయిన్ ఎంత దూరం వచ్చిందో రంగు చూసే చెప్పొచ్చు.

ఇప్పుడు లెక్క. అమెరికన్ సిల్వర్ ఈగిల్ తీసుకుందాం, వ్యాసం 40.6 మిల్లీమీటర్లు, మందం 2.98 మిల్లీమీటర్లు, బరువు 31.1 గ్రాములు. రెండు ముఖాలు, అంచు కలిపితే పైభాగం సుమారు 30 చదరపు సెంటీమీటర్లు. దాని మీద మొత్తం 100 నానోమీటర్ల మందాన సల్ఫైడ్ పట్టిందనుకోండి, అంటే బాగానే రంగు తిరిగినట్టు, అయినా ఆ పొర మొత్తం బరువు దాదాపు 2 మిల్లీగ్రాములు. అందులో వెండి 87 శాతం. అంటే 31 వేల మిల్లీగ్రాముల్లో రెండు కూడా మారలేదు, ఆ మారిన వెండి కూడా ఎక్కడికీ పోలేదు, కాయిన్ మీదే ఉంది. బులియన్ కాయిన్‌కి విలువ బరువులో ఉంటుంది, బరువులో మాత్రం ఏ తేడా లేదు. మనం రుద్దినప్పుడు మాత్రం ఆ పొరతో పాటు మంచి వెండీ పోతుంది, మింట్ వేసిన మెరుపూ పోతుంది. అంటే కిలుము వల్ల పోయేది రంగు, మన చేతుల వల్ల పోయేది కాయిన్.

స్టెప్ 1: చెయ్యి పెట్టకుండా చూడండి

క్యాప్సూల్‌లో ఉంటే అలాగే ఉంచి చూడండి, తొందరపడి తియ్యొద్దు. గదిలో లైట్లన్నీ ఆపేసి ఒక్క టేబుల్ లైట్ కింద కాయిన్‌ని మెల్లగా వంచుతూ చూడండి. పాడవ్వని కాయిన్ మీద వెలుగు చక్రం ఆకుల్లాగా గుండ్రంగా తిరుగుతుంది. కాయిన్ ముద్ర పడేటప్పుడు ఆ ఒత్తిడికి లోహం మధ్యలోంచి అంచుల వైపు పారుతుంది, అప్పుడు ఏర్పడిన కంటికి కనపడని చాళ్ళ వల్ల వచ్చే మెరుపది. మచ్చ మీదుగా కూడా ఆ వెలుగు తిరుగుతుంటే మచ్చ పైపైన ఉన్నట్టు, అక్కడికి రాగానే వెలుగు ఆగిపోయి మసకగా ఉంటే కింద ఉపరితలం దెబ్బతిన్నట్టు. ఈ ఒక్క పరీక్ష నాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో చెప్పలేను.

తర్వాత పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం తీసుకుని మచ్చ అంచు చూడండి. అంచు క్రమంగా కలిసిపోతోందా, లేక గీత గీసినట్టు ఉందా, ఉబ్బెత్తుగా ఉందా, జిగురులా ఉందా? ఫోన్‌తో రెండు వైపులా, బొమ్మా బొరుసూ, ఫోటో తీసి తేదీతో దాచుకోండి, ఆర్నెల్ల తర్వాత పెరిగిందో లేదో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేం. ఇంకో మాట, కాయిన్ బయట ఉన్నప్పుడు దాని మీదికి వంగి మాట్లాడకండి. కంటికి కనపడని ఉమ్మి తుంపర పడితే కొన్ని నెలలకి చిన్న చిన్న నల్ల చుక్కలుగా తేలుతుంది, ఆ చుక్కలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియక చాలామంది మింట్‌ని తిడతారు.

స్టెప్ 2: ఏ రకం మచ్చో తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చదవండి.

అంచు నుంచి లోపలికి పసుపు, ఊదా, నీలం రంగులు వరసగా పాకుతున్నాయంటే అది మామూలు టోనింగ్. గాలి క్యాప్సూల్ అతుకు దగ్గరే లోపలికి దూరుతుంది కాబట్టి రంగు కూడా అక్కడే మొదలవుతుంది. ఇది జబ్బు కాదు. గుడ్డ సంచుల్లో ఏళ్ళ తరబడి పడున్న పాత అమెరికన్ మోర్గాన్ డాలర్లకి పట్టిన ఇంద్రధనస్సు రంగుల కోసం కలెక్టర్లు ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొంటారు, అవి కూడా ఇదే గంధకం పొరలు. మీ కాయిన్‌కి రంగు అందంగా తిరిగి ఉంటే దాన్ని కడిగెయ్యడం అంటే చేతికొచ్చిన డబ్బుని కాలువలో పొయ్యడమే.

తెల్లగా, పాలు చిందినట్టు, కాస్త మసగ్గా ఉండే మచ్చలు మిల్క్ స్పాట్స్. మేపుల్ లీఫ్‌లు దీనికి బాగా పేరుబడ్డాయి, ఈగిల్స్‌కీ ఆస్ట్రియా వాళ్ళ ఫిల్‌హార్మోనిక్‌లకీ కూడా వస్తాయి. ముద్ర వెయ్యక ముందు ఉత్త బిళ్ళల్ని రసాయనంతో కడుగుతారు, అది పూర్తిగా పోకుండా కొద్దిగా మిగిలి, తర్వాత కొలిమి వేడిలో వెండికి అతుక్కుపోతుంది అన్నది ఎక్కువమంది ఒప్పుకునే కారణం. కొన్న రోజు కనపడదు, నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో పైకి తేలుతుంది. అంటే మీరు దాచిన పద్ధతిలో తప్పేమీ లేదు, పుట్టుకతోనే వచ్చింది. స్వచ్ఛత ఎక్కువైతే మచ్చ రాదనుకోవడం కూడా పొరపాటే, మేపుల్ లీఫ్ 9999 స్వచ్ఛత, అంటే 99.99 శాతం వెండి, అయినా దానికే ఎక్కువ పేరొచ్చింది. ఈ గోల పడలేకే రాయల్ కెనడియన్ మింట్ 2018లో మింట్‌షీల్డ్ అనే పద్ధతి తెచ్చింది, అప్పటినుంచి వచ్చే మేపుల్ లీఫ్‌ల మీద ఈ మచ్చలు తగ్గాయి. పాత సంవత్సరం కాయిన్ తీసుకుంటుంటే ఇది లెక్కలో పెట్టుకోండి.

పచ్చగా, జిగటగా, అక్షరాల చుట్టూ అంటుకుని ఉంటే మాత్రం జాగ్రత్త, అది పీవీసీ. మెత్తగా వంగే ప్లాస్టిక్ పౌచ్‌లు, పాత ఆల్బమ్ జేబులు ఉంటాయి చూడండి, కొత్తగా కొన్నప్పుడు ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తుంది, వాటిలో కలిపిన మెత్తబరిచే నూనెలాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికి కారుతుంది, పీవీసీ పాడైతే ఆమ్లం కూడా పుడుతుంది. ఒకసారి పాత ఆల్బమ్ నుంచి ఒక కాయిన్ తియ్యబోతే ప్లాస్టిక్ దాన్ని వదల్లేదు, చర్రుమని ఊడి వచ్చింది. భూతద్దంలో చూస్తే ప్రతి అక్షరం మొదట్లో పచ్చటి సన్నటి జిగురు, మిగతా మైదానం, అంటే బొమ్మ లేని చదును భాగం, అంతా ఊపిరి ఊదిన అద్దంలా మసక. ఈ మొత్తం గైడ్‌లో వెంటనే చెయ్యి పెట్టాల్సిన మచ్చ ఇదొక్కటే, ఎందుకంటే ఆలస్యం చేసేకొద్దీ అది లోహాన్ని తింటుంది.

అర్ధచంద్రాకారంలో సన్నటి వంకర గీతలుగా నల్లబడితే అది ఎవరిదో వేలిముద్ర. చెమటలో ఉప్పు, ఆమ్లం, నూనె మూడూ ఉంటాయి. కొత్తదైతే పోతుంది, ఏళ్ళు గడిస్తే లోహంలోకి దిగిపోతుంది. స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒక్క నల్ల చార ఉంటే అక్కడ రబ్బరు బ్యాండు ఉండేదన్నమాట. రబ్బరుని గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, పేపర్ పొట్లం మీద నుంచి కూడా దాని పని అది చేసుకుపోతుంది, నా దగ్గర అలా చారపడ్డవి నాలుగున్నాయి.

బ్రిటన్ వాళ్ళ పాత బ్రిటానియా కాయిన్ల విషయం వేరు. 1997 నుంచి 2012 దాకా అవి 958 వెండి, అంటే 95.8 శాతం, మిగతాది కలిపిన లోహం, 2013 నుంచే 999 అయ్యాయి. స్టెర్లింగ్ అయితే 92.5 శాతమే వెండి, మిగతాది ఎక్కువగా రాగి ఉంటుంది. రాగి కలిసినవాటికి గోధుమ రంగు, ఎర్ర ఛాయ, ఒక్కోసారి నిజమైన పచ్చ కిలుము కూడా రావచ్చు. 999 కాయిన్ మీద పచ్చదనం కనపడితే మాత్రం మొదటి అనుమానం ప్లాస్టిక్ మీదే పెట్టుకోండి.

స్టెప్ 3: అసలు వెండేనా అని ఒక్కసారి

రంగు తేడాగా ఉంటే, ముఖ్యంగా ఎత్తుగా ఉన్న చోట్ల, అంచు పళ్ళ మీద ఎర్రగానో పసుపుగానో కింది లోహం తొంగిచూస్తుంటే అది పూత వేసిన నకిలీ కావచ్చు. బరువు, వ్యాసం, మందం మూడూ మింట్ చెప్పిన కొలతలతో సరిపోవాలి. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకి 10.49 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోదు, బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని ఏటవాలుగా పెట్టిన కాయిన్ మీద వదిలితే జర్రున జారదు, మెల్లగా దిగుతుంది. ఒక్క పరీక్షతో తేల్చెయ్యకండి, రెండు మూడు కలిపి చూడండి.

స్టెప్ 4: ముట్టుకోవాలా వద్దా

నా మాట అడిగితే, టోనింగ్ అయితే వదిలెయ్యండి. మిల్క్ స్పాట్ అయితే కూడా వదిలెయ్యండి, అసిటోన్‌కి పోదు, డిప్‌కీ (సీసాల్లో దొరికే నలుపు తీసే ద్రవం) సాధారణంగా పోదు, పెన్సిల్ రబ్బరుతో తుడిపితే పోయింది అని చెప్పేవాళ్ళు దాని చోట పడ్డ గీరల గురించి చెప్పరు. కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా మెరిసేలా వేసే ప్రూఫ్ కాయిన్ అయితే అద్దంలాంటి మైదానం మీద గుడ్డ తగిలినా గీరపడుతుంది, దాన్ని క్యాప్సూల్‌లోంచి తియ్యనే వద్దు. కాయిన్ నాణ్యతకి గ్రేడు ఇచ్చే కంపెనీ సీలు చేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బా (స్లాబ్)లో ఉంటే పగలగొట్టొద్దు. రంగులు అద్దిన కాయిన్‌ని అసిటోన్‌లో వేస్తే రంగు ఊడిపోతుంది, యాంటిక్ ఫినిష్ కాయిన్ల మీద నలుపు కావాలని పట్టించింది కాబట్టి దాన్ని తీస్తే కాయినే పోయినట్టు. బంగారు పూత ఉన్నవాటి జోలికి కూడా పోవద్దు.

అమ్మే ముందు కాస్త మెరుగు పెట్టించి అమ్ముదాం అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి. కొనేవాడికి నల్ల కాయిన్ కొత్తేమీ కాదు, తూకం వేసి తీసుకుంటాడు. రుద్దిన కాయిన్ మాత్రం దూరం నుంచే తెలిసిపోతుంది, మెరుపు ఉంటుంది గానీ ఆ తిరిగే వెలుగు ఉండదు.

చెయ్యి పెట్టాల్సినవి ఇంతే: పీవీసీ జిగురు, తాజా వేలిముద్ర, టేప్ జిగురు, ఇక నల్లగా మాడిపోయి మీకు ఏ మాత్రం నచ్చని మామూలు బిళ్ళలు, బార్లు.

స్టెప్ 5: అసిటోన్ స్నానం

దీన్ని నేను నమ్ముతాను, ఎందుకంటే అసిటోన్ వెండిని ఏమీ చెయ్యదు, టోనింగ్‌ని కూడా ముట్టుకోదు, జిగురు, నూనె, ప్లాస్టిక్ కారిన మడ్డి లాంటివాటినే కరిగిస్తుంది. కావాల్సింది స్వచ్ఛమైన అసిటోన్. గోళ్ళ రంగు తుడిచే రిమూవర్ పనికిరాదు, అందులో సెంటు, రంగు, నూనె కలుపుతారు, అవి కాయిన్ మీద పొరలా మిగిలిపోతాయి.

కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట, స్విచ్ నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు, అసిటోన్ ఆవిరి భగ్గుమంటుంది. మూడు గాజు గిన్నెలు తీసుకోండి, ప్లాస్టిక్ కప్పులు వద్దు, కొన్ని రకాలు అందులోనే కరిగిపోయి కాయిన్‌కి అంటుకుంటాయి. నైట్రైల్ గ్లవ్స్ కూడా అసిటోన్‌కి మెత్తబడతాయి కాబట్టి వాటిని నమ్ముకుని చెయ్యి ముంచొద్దు, చెక్క పటకారుతో అంచు పట్టుకోండి.

వేలిముద్ర, చెమట మరకలైతే ముందు డిస్టిల్డ్ వాటర్‌లో ఓ రెండు నిమిషాలు ఉంచండి, ఉప్పు అసిటోన్‌లో కరగదు, నీళ్ళలో కరుగుతుంది, చాలామంది ఈ స్టెప్ వదిలేసి అసిటోన్ పని చెయ్యలేదంటారు. కుళాయి నీళ్ళు వద్దు, అందులో క్లోరిన్, ఖనిజాలు ఉంటాయి, ఒక మచ్చ తియ్యబోయి ఇంకో మచ్చ తెచ్చుకుంటారు. తర్వాత మొదటి గిన్నె అసిటోన్‌లో ఐదు పది నిమిషాలు, అక్కడ ఎక్కువ మురికి దిగుతుంది. రెండో గిన్నెలో మళ్ళీ అంతే. మూడో గిన్నెలో అప్పుడే పోసిన అసిటోన్, అందులో ఓ అరనిమిషం ముంచి తియ్యండి. ఈ మూడోది మానెయ్యకండి, మురికి అసిటోన్ కాయిన్ మీద ఆరితే కరిగిన జిగురంతా పల్చగా మళ్ళీ కాయిన్ మీదే పరుచుకుంటుంది.

తుడవొద్దు. అంచు మీద నిలబెట్టి దేనికైనా ఆనించి వదిలెయ్యండి, క్షణాల్లో ఆరిపోతుంది. పీవీసీ మొండిగా ఉంటే మూత ఉన్న గాజు సీసాలో కొన్ని గంటలు నానబెట్టి, మధ్యలో ఒకసారి అసిటోన్ మార్చండి. పచ్చదనం పోయాక కింద చిన్న చిన్న గుంటలు కనపడితే అది అప్పటికే తినేసిన చోటు, దానికి మందు లేదు, కానీ ఇక ముందుకు పాకదు. వాడిన అసిటోన్ సింక్‌లో పొయ్యకండి.

స్టెప్ 6: నలుపు తీసి తీరాలి అనుకుంటే

గీరలు పడకుండా నలుపు తీసే దారి అల్యూమినియం ఫాయిల్, బేకింగ్ సోడా. ఇది రుద్దే పద్ధతి కాదు, చిన్న బ్యాటరీ లాంటిది, వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం లాగేస్తుంది, సల్ఫైడ్ మళ్ళీ వెండిగా మారుతుంది. గాజు గిన్నె అడుగున ఫాయిల్ పరవండి, లీటరు వేడి నీళ్ళకి యాభై అరవై గ్రాముల బేకింగ్ సోడా కలపండి, డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. కాయిన్ ఫాయిల్‌కి తగులుతూ ఉండాలి, తగలకపోతే ఏమీ జరగదు. కొద్దిగా కుళ్ళిన గుడ్డు వాసన వస్తే పని జరుగుతోందని అర్థం, అందుకే కిటికీ తెరిచి ఉంచమనేది. అరనిమిషానికోసారి తీసి చూడండి, తిప్పి రెండో వైపు పెట్టండి, మొత్తం రెండు మూడు నిమిషాలు దాటనివ్వొద్దు. కొందరు ఇందులో ఉప్పు వెయ్యమంటారు, నేను వెయ్యను, వెండి దగ్గరికి క్లోరైడ్ తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒకటి తెలుసుకుని దిగండి, ఇలా తిరిగొచ్చిన వెండి పైన మునుపటి నునుపు ఉండదు, కాస్త తెల్లగా, మసగ్గా ఉంటుంది, టోనింగ్ మందంగా ఉన్న చోట ఇంకా తెలుస్తుంది. మామూలు బార్లకి, అరిగిన బిళ్ళలకి పర్వాలేదు. మంచి లస్టర్, అంటే ఆ తిరిగే వెలుగు, ఉన్న కాయిన్‌కి వద్దు.

ఇక సీసాల్లో దొరికే డిప్. అందులో ఎక్కువగా ఆమ్లం, థయోయూరియా ఉంటాయి. ముంచగానే మాయలా తెల్లబడుతుంది, అక్కడే ప్రమాదం. అది నలుపుతో పాటు మింట్ చాళ్ళని కూడా కొంచెం కరిగిస్తుంది, ఒకటికి నాలుగుసార్లు ముంచితే కాయిన్ కడిగిన స్టీలు పళ్ళెంలా నిర్జీవంగా అయిపోతుంది. వాడక తప్పదనుకుంటే డిస్టిల్డ్ వాటర్ కలిపి పల్చన చేసి, గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట, రెండు మూడు సెకన్లు ముంచి వెంటనే తియ్యండి, బేకింగ్ సోడా కలిపిన నీళ్ళలో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌లో రెండుసార్లు జాడించండి. కడగడం సరిగ్గా కాకపోతే కొన్ని నెలల్లో గోధుమ రంగు మరకలు వస్తాయి, అవి ముందున్న నలుపు కన్నా అసహ్యంగా ఉంటాయి.

నీళ్ళతో చేసిన ఏ పని తర్వాతైనా చివర్లో ఒకసారి తాజా అసిటోన్‌లో ముంచి తియ్యండి. నీళ్ళు అందులో కలిసిపోయి వెళ్ళిపోతాయి, నీటి చుక్కల మరకలు పడవు, తుడిచే అవసరమూ రాదు. టూత్‌పేస్ట్, పళ్ళపొడి, బూడిద, సోడా ముద్ద, మెరుగు పెట్టే గుడ్డ, స్క్రబ్బర్ వీటి గురించి వేరే చెప్పక్కర్లేదు, ఏదీ వద్దు.

స్టెప్ 7: మళ్ళీ రాకుండా దాచడం

అసలు శ్రమ పెట్టాల్సింది ఇక్కడ. కాయిన్‌ని ఎప్పుడూ అంచులే పట్టుకోండి, పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్ మంచివి, నూలు గ్లవ్స్ జారతాయి, దూది పోగులు వదులుతాయి. కింద మెత్తటి తువ్వాలు పరిచి దాని మీదే పట్టుకోండి, చెయ్యి జారితే గచ్చు మీద పడదు.

ఒక్కో కాయిన్‌కి సరిగ్గా దాని కొలతకి సరిపోయే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ వాడండి. లోపల ఫోమ్ రింగు ఉండేవాటికన్నా రింగు లేకుండా సరిపోయేవే నాకు నచ్చుతాయి, కొన్ని రింగులు ఏళ్ళ మీద అంచుకి రంగు పట్టిస్తాయి. క్యాప్సూల్ పూర్తిగా గాలి చొరబడనిది కాదు, కాబట్టి దాన్ని పాలీఎథిలీన్ జిప్ కవర్‌లో వేసి గాలి నొక్కేసి మూయండి. కవర్లు, ఫ్లిప్‌లు (మడిచే ప్లాస్టిక్ జేబులు) కొనేటప్పుడు పాలీఎథిలీన్, పాలీప్రొపిలీన్, మైలార్ అని రాసి ఉండాలి, ఏమీ రాయకుండా మెత్తగా జారుతూ వాసనొచ్చేది ఎంత చవకైనా ముట్టుకోకండి. ఎక్కువ కాయిన్లుంటే మింట్ ట్యూబ్‌లే చాలు, మేపుల్ లీఫ్‌లు ట్యూబ్‌కి 25, ఈగిల్స్ 20 పడతాయి, ఊరికే తీసి చూస్తూ ఉండకపోతే వాటిలో బాగానే ఉంటాయి.

జిప్ కవర్ లోపల రెండు వేర్వేరు పనులకి రెండు వస్తువులు కావాలి, ఇక్కడే చాలామంది తికమకపడతారు. సిలికా జెల్ తేమని పీలుస్తుంది, గంధకాన్ని ఏమీ చెయ్యలేదు. యాంటీ టార్నిష్ స్ట్రిప్ గంధకాన్ని పట్టుకుంటుంది, తేమ దాని పని కాదు. రెండూ పెట్టండి, రెండూ కాయిన్‌కి నేరుగా తగలకూడదు. రంగు మారే సిలికా జెల్ అయితే నిండిందని రంగే చెప్తుంది, 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్ళీ వాడొచ్చు. స్ట్రిప్‌లు కవర్ మీద రాసిన గడువుకి మార్చెయ్యాలి.

ఇక బయటి పెట్టె. అట్టపెట్టె, న్యూస్‌పేపర్, తోలు సంచి, ఉన్ని గుడ్డ, వెల్వెట్ లైనింగ్, కొత్తగా రంగేసిన బీరువా, రబ్బరు మ్యాట్, చెక్క పెట్టె, వీటిలో చాలావాటి నుంచి గంధకమో ఆమ్లమో మెల్లగా వస్తూనే ఉంటుంది. అగ్ని తట్టుకునే సేఫ్‌లో పెడుతున్నారా? వాటి గోడల్లో నింపే పదార్థంలో నీరు కలిసి ఉంటుంది, మంటల్లో అదే కాపాడుతుంది, మామూలు రోజుల్లో మాత్రం లోపల తేమ పెరుగుతుంది. అలాంటి సేఫ్‌లో సిలికా జెల్ రెట్టింపు పెట్టి తరచూ మార్చండి. వంటింటి గోడకి, స్నానాల గదికి ఆనుకున్న అల్మరా వద్దు, ఎండకి వేడెక్కి రాత్రికి చల్లబడే చోటు కూడా వద్దు, ఆ మార్పుకే తేమ కాయిన్ మీద కూర్చుంటుంది.

స్టెప్ 8: కాపలాకి ఒక ముక్క

పెట్టెలో గాలి బాగుందో లేదో తెలుసుకోడానికి నేను చేసే పని చెప్తాను. తెగిపోయిన పాత వెండి గొలుసు ముక్కో, చిన్న వెండి రేకో తీసుకుని బాగా మెరుగు పెట్టి, కవర్ ఏమీ లేకుండా పెట్టెలో ఒక మూల పడేస్తాను. దాన్ని రుద్దినా నాకు బాధ లేదు. నెలకోసారి పెట్టె తెరిచి ముందు దాని మొహం చూస్తాను. తెల్లగా ఉందంటే కాయిన్లు తియ్యకుండానే పెట్టె మూసేస్తాను. పసుపు తిరిగిందంటే ఆ పెట్టెలోకి గంధకం ఎక్కడినుంచో వస్తోందని, క్యాప్సూల్‌లో ఉన్న కాయిన్ దాకా అది ఇంకా చేరి ఉండదు గానీ దారిలో ఉందని అర్థం. అప్పుడు స్ట్రిప్‌లు మార్చి, పెట్టెలోకి ఈమధ్య కొత్తగా వచ్చిన వస్తువు ఏంటా అని చూస్తాను. ఒకసారి ఎంత వెతికినా దొరకలేదు, చివరికి పెట్టె మూత చుట్టూ నేనే అంటించిన నల్ల రబ్బరు బీడింగ్ అని తేలింది, దుమ్ము రాకుండా ఉంటుందని వేశాను. పీకేసి, స్పిరిట్‌తో ఆ జిగురంతా తుడిచి, గొలుసు ముక్కకి మళ్ళీ మెరుగు పెట్టి అదే మూలలో పెట్టాను. మూడు నెలలు తెల్లగానే ఉంది.